గిలక దొరకలేదవ్వా

"అవ్వ పానం పోతాంటే ఇది బొమ్మల షాపులో కూచోనుందంట."

నిన్నటి నుంచి మా ఇంట్లో నా గురించి నడుస్తున్న మాట ఇది.

నిజమే. అన్న ఫోన్ చేసేసరికి నేను ఆదోనిలో, కొత్తగా పెట్టిన టాయ్ షాపులో నేల మీద కూర్చుని ఉన్నాను. ముందర విప్పిన మెటల్ బిల్డింగ్ సెట్. చేతిలో తుప్పు పట్టిన బోల్టు.

"అవ్వ పోయింది. వచ్చేయ్." అంతే అన్నాడు.

ఎమ్మిగనూరు బస్సు సగం దారి వచ్చాక గాని ఆ మాట నాకు అర్థం కాలేదు. బోల్టు ఇంకా పిడికిట్లోనే ఉంది.

నన్ను పంపింది అవ్వే. ఎందుకని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. పెళ్లి వద్దంటుంది, జీతం బొమ్మలకు పోస్తుంది, ఇంత చదివినా బుద్ధి రాలేదు. వాళ్లకు తెలిసిన నేను ఇంతే.

అందుకే ఇది రాస్తున్నాను.

1950ల్లో సంగతి. అవ్వకు పదేళ్లు, తమ్ముడు ఈరన్నకు ఆరు. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు.

ఈరన్న ఒకసారి ఆదోని స్టేషన్లో పత్తి బేళ్లు ఎత్తే క్రేన్ చూశాడు. తర్వాత జ్వరం వచ్చి పడుకున్నా అదే కలవరింత. "నాయనా, అది నాకు తే."

నాయన చీరల మూట ఎత్తుకుని ఆదోని పోయాడు. నట్లు, బోల్టులు బిగించి క్రేన్ కట్టుకునే ఇనుప బొమ్మల సెట్ ఒక షాపు అద్దాల వెనక ఉంది. కొత్తది కొనే తాహతు లేదు. ఎవరో షావుకారు పిల్లలు ఆడి వదిలేసిన సెట్ పాత సామాన్ల అంగట్లో దొరికింది. మూటలోని చీర ఒకటి ఇచ్చి పెట్టెతో సహా తెచ్చుకున్నాడు.

ఒక్క గిలక తక్కువ. తాడు వేసి లాగే ఆ చిన్న చక్రం లేకపోతే క్రేన్ దేన్నీ ఎత్తదు.

నాయన బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఈరన్న లేడు.

పోయిన బిడ్డ వస్తువు ఇంట్లో ఉండకూడదు, బిడ్డతోనే గుంతలో పెట్టాలి. వాళ్ల ఇంటి ఆనవాయితీ. వాడు తాకనైనా తాకని పెట్టె వాడి వస్తువైపోయింది.

అవ్వ దాన్ని దాచేసింది. మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు దించి తొక్కే గుంతలో.

ఇల్లంతా వెతికారు. చివరికి పెట్టె లేకుండానే ఈరన్నను పూడ్చారు.

కొన్నాళ్లకు నాయన మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. కాలికి పెట్టె తగిలింది.

"నా దిక్కు సూసినాడు పాపా. కాలు పక్కకు జరుపుకొన్నాడు. ఇంగ బతికినన్నాళ్లు అట్లే వంకరగా పెట్టుకొనే తొక్కినాడు."

ఇది అవ్వ నాకొక్కదానికే చెప్పింది.

ఆ గిలక కోసం అవ్వ జీవితమంతా తిరిగింది. కొత్త షాపులు, పాత ఇనుప అంగళ్లు. నా చిన్నప్పటి నుంచి వెంట నేను. కొంగు ముడిలో పెట్టెలోని బోల్టు ఒకటి ఉండేది. చక్రం కనిపిస్తే చాలు, ఆ బోల్టు దూర్చి చూసేది. ఒకటి వదులు, ఇంకొకటి బిగువు. ప్లాస్టిక్‌దైతే చూడకుండానే పక్కకు తోసేసేది.

"ఏమవ్వా, ఈ వయసులో ఆడుకుంటావా?" అని ఒక షాపాయన నవ్వాడు.

"ఊఁ అప్పా. నీ మాదిరి ఈగలు తోలుకుంటా కూచోమంటావా?"

నిన్న పొద్దున మంచం మీద నుంచే ముడి విప్పి బోల్టు నా చేతిలో పెట్టింది. "కొత్త అంగడి పెట్నారంట. సూసి రాపో."

సరిపోలేదవ్వా. అది కూడా వదులే.

ఈ మధ్యాహ్నం అవ్వను సమాధి చేస్తారు. పొద్దుటి నుంచి పెదనాన్న నా వెంట తిరుగుతున్నాడు. "అమ్మకు ఇష్టమైంది గదమ్మా, పెట్టె గూడా అమ్మతోనే గుంతలో పెడదాం. యాడ పెట్టినావు?"

ప్రేమతోనే అడుగుతున్నాడు. ఆయనకు తెలియదు.

ఇంక అంగళ్లు తిరిగే పని లేదవ్వా. కాళ్లు చాపుకుని నెమ్మదిగా పడుకో.

పెట్టె నా బ్యాగులో ఉంది. ఇవ్వను.