అరవై మూడు అనుమానాలు

డెన్మార్క్ నుంచి వచ్చిన వైస్ ప్రెసిడెంటు యెన్సెన్ గారిని సొంత కంపెనీ విజయవాడ ఆఫీసు గుమ్మం దగ్గరే, వాచ్‌మన్ కుర్చీలో, నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. కారణం చిన్నదే. పాస్‌పోర్టు ఫొటోలో ఆయనకు గడ్డం ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి లేదు. కూర్చోబెట్టినది సర్వీసు మేనేజరు తిరుపతిరావు గారు. ఆయనకు అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, ఉత్త అనుమానం. కొందరికి చెమట ఎక్కువ పట్టినట్టు ఆయనకు అనుమానం ఎక్కువ.

సంగతి తెలిసి బ్రాంచి మేనేజరు సుధామణి పరుగున కిందికి వచ్చింది.

"గీసుకుంటే గడ్డం పోతుంది కదండీ తిరుపతిరావు గారూ."

"పోతుంది మేడమ్. ఇక్కడికి వచ్చే ముందే ఎందుకు గీసుకున్నట్టు?"

సుధామణి యెన్సెన్ గారికి క్షమాపణ చెప్పి పైకి తన గదికి తీసుకెళ్లింది.

లిఫ్టు ఎక్కే ముందు తిరుపతిరావు గారు తన సంచీని ఒక్కదాన్నే మూడో అంతస్తుకు పంపిస్తారు. అది క్షేమంగా తిరిగొచ్చాకే తాను ఎక్కుతారు. ఎవరైనా శుభలేఖ ఇస్తే కల్యాణమండపానికి ఫోన్ చేసి, ఆ రోజున అక్కడ నిజంగా పెళ్లి ఉందా అని కనుక్కుంటారు. ఉందని తేలితే, పెళ్లికొడుకు పేరు చెప్పమంటారు.

కంపెనీ రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు అమ్ముతుంది. మిషను పాడైందని ఏ రైతైనా ఫోన్ చేస్తే, తిరుపతిరావు గారు ఓ గంట ఆగి, గొంతు మార్చి, తిరిగి ఫోన్ చేస్తారు.

"నేను కైకలూరులో వలలు అమ్ముకునేవాణ్ణండి. మీ మిషను ఆగిపోయిందని విన్నాను, నిజమేనా?"

"నిజమేనండి తిరుపతిరావు గారూ. బయల్దేరారా?"

పెద్ద కంపెనీ పరాయి దేశంలో పిల్ల కంపెనీని ఎలా పెంచుతుందో చూపించే పటం ఒకటి సుధామణి గదిలో వేలాడుతూ ఉంటుంది. అందులో ఐదు మెట్లు. మొదట సరుకు పంపి అమ్మిస్తారు. తర్వాత రిపేర్లు నేర్పుతారు. మూడో మెట్టు, మిషన్లను ఇక్కడే బిగించే షెడ్డు. నాలుగోది, విడిభాగాల తయారీ. అయిదో మెట్టు మీద నిర్ణయాలు కూడా ఇక్కడే. విజయవాడ పిల్ల ఆరేళ్లుగా రెండో మెట్టు మీదే నిలబడి ఉంది.

"పైమెట్టు ఎక్కిన దేశం ఒక్కటి చూపించమనండి మేడమ్," అనేవారు తిరుపతిరావు గారు. "బొమ్మదేముంది, ఎవరైనా గీస్తారు."

యెన్సెన్ గారు వచ్చింది అది తేల్చడానికే. మూడో మెట్టు ఎక్కించడమా, లేకపోతే బ్రాంచి మూసేసి పనంతా చెన్నైకి తరలించడమా. మూస్తే సుధామణి, తిరుపతిరావు గారు, పదిమంది మెకానిక్కులు ఇంటికి పోవాల్సిందే. యెన్సెన్ కుర్చీలో సర్దుకుని ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. ప్రపంచమంతటా కంపెనీకి తేలకుండా మిగిలిన ఫిర్యాదులు డెబ్బై. అందులో అరవై మూడు విజయవాడవి. అరవై మూడింటిలోనూ కారణం దగ్గర తిరుపతిరావు గారి చేత్తో ఒకటే మాట: "అనుమానం తీరలేదు."

సుధామణి కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. ఫిర్యాదు తేలేదాకా రైతుకు ఒక స్పేర్ మిషను ఇచ్చి ఉంచాలని కంపెనీ రూలు. పదిహేను రోజుల్లో తేల్చి దాన్ని గోడౌనుకు తేవాలి. డెన్మార్క్ నుంచి అరవై మూడు స్పేర్లు వచ్చాయి. గోడౌను చూస్తే బోసిగా ఉంది. ఈ మనిషి వాటిని అమ్మేసుకున్నాడా అని మొదటిసారి ఆమెకు కూడా అనుమానం పుట్టింది.

"స్పేర్లు ఏవండీ?"

"చెరువుల్లో ఉన్నాయి మేడమ్."

"ఏ చెరువుల్లో?"

"మీరెందుకు అడుగుతున్నట్టు?"

మర్నాడు ముగ్గురూ రొయ్యల చెరువులున్న కలిదిండి వైపు బయల్దేరారు. అన్నిటికంటే పాత ఫిర్యాదు చూపించమన్నాడు యెన్సెన్. డ్రైవరు ఫోన్లో దారి చూపిస్తున్నా, ప్రతి సెంటర్లోనూ తిరుపతిరావు గారు అద్దం దించి, ఆ ఫోను చెప్పేది నిజమేనా అని కిళ్లీ కొట్టువాళ్లను అడిగారు.

అక్కడి రైతు హనుమయ్య చెరువులో మిషన్లు రెండూ నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి, పాతదీ, స్పేరూ. పాతది బాగానే ఉంటే ఫిర్యాదు ఇంకా ఎందుకు తేలలేదని యెన్సెన్ అడిగాడు. సుధామణి తెలుగులో చెప్పింది.

"ఇది పదకొండు నెల్ల కిందటే బాగయిందండి," అన్నాడు హనుమయ్య నిర్మలంగా. "ఈయనే బురదలో దిగి బాగుచేశాడు. ఓల్టేజీ పడిపోయి మళ్లీ మోటారు కాలితే రెండు గంటల్లో రొయ్య చచ్చి తేలిపోద్దండి. అందుకని రెండోది ఉండాలి. కొనగలిగినోళ్లు కొనుక్కుంటారు. మాబోటోళ్లకి ఈయన అనుమానం ఉంది. అది తీరకూడదని పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకున్నాం కూడానండి."

సుధామణి తిరుపతిరావు గారి వంక చూసింది. ఆయన ఒక కొంగను అనుమానంగా చూస్తున్నారు. యెన్సెన్‌కు ఇంగ్లీషులో సగం మింగేసి చెబితే పన్నెండు ఉద్యోగాలు నిలబడతాయేమో. కానీ నోరు తెరిస్తే ఉన్నదున్నట్టే వచ్చేసింది, మొక్కుతో సహా.

యెన్సెన్ రెండు మిషన్ల వంకా చూశాడు. తర్వాత చుట్టుపక్కల తమ మిషన్లు ఎన్ని ఉన్నాయని అడిగించాడు.

"ఈ గట్టు నుంచి ఆ డ్రెయిను దాకా అన్నీ మీయేనండి," అన్నాడు హనుమయ్య. "వేరే కంపెనీల వాళ్లు మేం చెప్పింది నమ్మి, ఫోన్లోనే 'అలాగేనండి' అని పెట్టేస్తారు. ఈయన నమ్మడు కదండీ, వచ్చేస్తాడు."

యెన్సెన్ గట్టు చివరిదాకా నడిచి వెళ్లి తిరిగొచ్చాడు. తమ పటంలో ఈ మెట్టు లేదన్నాడు. షెడ్డు ఇస్తానన్నాడు. స్పేర్లు ఇక విజయవాడవే, ఏ చెరువుకు ఇవ్వాలో విజయవాడే చూసుకుంటుంది. అయితే సోమవారానికల్లా అరవై మూడు అనుమానాలూ తీరిపోవాలి.

"కాగితం మీద రాసివ్వమనండి మేడమ్," అన్నారు తిరుపతిరావు గారు.

యెన్సెన్ అక్కడే రాసిచ్చాడు. తిరుపతిరావు గారు దాన్ని ఎండకు పట్టి చూసి, తేదీ వేయించుకున్నారు.

యెన్సెన్ చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్లగానే సుధామణి ఆపుకోలేకపోయింది.

"ఇన్నాళ్లుగా పక్క గదిలోనే ఉన్నాను, నాకొక్క ముక్క చెప్పలేకపోయారా? మిమ్మల్ని దొంగ అనుకున్నానండీ నిన్న."

"చెబితే పైవాళ్లు అడిగినప్పుడు మీరు అబద్ధం ఆడాల్సొచ్చేది, అది మీకు చేతకాదని నా అనుమానం మేడమ్."