బాయిలర్ నిప్పులు

ఈ ఉదయం పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తుంటే మా వీధి మలుపులో ఆ కంపు మళ్ళీ తగిలింది. కార్తీకం దాటితే బాన్సువాడలో పొద్దుటి మంచు వరి మళ్ళ మీది నుంచి ఊళ్ళోకి దిగుతుంది. ఇక ఏ పొగా పైకి లేవదు, సరిగ్గా మనుషుల ముక్కుల ఎత్తులోనే తిరుగుతూ ఉంటుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది. ఒకింటి ముందు ఎవరో కొత్త కోడలు మూడు రాళ్ళ మీద బిందె పెట్టి, కింద పాల కవర్లూ చిరిగిన చీర ముక్కలూ వేసి నీళ్ళు కాస్తోంది. నన్ను చూసి నవ్వి, "గీజరేస్తె బిల్లు మస్తొస్తుందాంటీ, ఇవి పుక్కట్ల కాలుతయి" అంది. తిడదామని నోరు తెరిచి, నోట్లో ఊరిన నీళ్ళు పక్కకు ఉమ్మేసి, గబగబా ఇంటికి వచ్చేశాను. ఆ పిల్లను తిట్టడానికి ఈ వీధిలో అందరికన్నా తక్కువ అర్హత ఉన్నది నాకే.

మా ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. చుట్టూ నీళ్ళు, నడిమధ్య గొట్టం, గొట్టంలో నిప్పు, అడుగున నిప్పులు రాలే జాలీ. మా అత్త బతికున్నన్నాళ్ళూ దాన్ని వారానికోసారి చింతపండు పెట్టి తోమేది. ఆమె పోయాక దాని పెత్తనం మామ చేతికి వచ్చింది. మామ అంటే మా ఆయన తండ్రి. రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. మా ఆయన మస్కట్‌లో ఉండేవారు, కూతురు పెళ్ళయి కామారెడ్డికి వెళ్ళింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం: ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే నేను, ఇంట్లో వెలిగే ప్రతి బల్బు వెనకా తిరిగి ఆర్పే ఆయన. మా ఆయన ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు గీజరు కొని స్నానాలగది గోడకు బిగించి వెళ్ళారు. మామ దాని మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. చుట్టాలు వస్తే తీసుకెళ్ళి చూపించేవాడు, మెచ్చుకుంటే పొంగిపోయేవాడు, వాళ్ళు వెళ్ళాక దాని మీద తన తువ్వాలు ఆరేసుకునేవాడు. స్విచ్చు దగ్గరికి మాత్రం ఎవరినీ వెళ్ళనిచ్చేవాడు కాదు. "నీళ్ళు కాగాల్నంటె నిప్పు గావాలె. గా నిప్పు పుక్కట్ల దొరుకుతుంటె మీటరెందుకు తిప్పుడు బిడ్డా?" అనేవాడు.

ఆ పుక్కట్ల నిప్పు, పైసా ఖర్చులేని నిప్పు, అంటే ఏమిటో చెప్పాలంటే ఇప్పటికీ నాకు రోతగానే ఉంటుంది. పంచర్లు వేసే దుకాణం నుంచి ట్యూబు ముక్కలు. వడ్రంగి దగ్గర రంగు పూసిన చెక్క పేళ్ళు. ఫంక్షన్ హాలు వెనక నుంచి, కూర అంటుకుని ఎండిపోయిన ప్లేట్లు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనవి తెగిన చెప్పులు. దారిలో చెప్పు కనిపిస్తే కాలితో ఇటూ అటూ తిప్పి, మడమ ఎంత మందం ఉందో చూసి, సంచిలో వేసుకునేవాడు. మంచి చెప్పు ఒకటి పడితే ఇద్దరి స్నానం అయిపోతుందని ఆయన లెక్క. ఎవరి కాలిదో, ఏ మురికి మోరీలో నానిందో తెలియని చెప్పు మన ఒంటి మీద పోసుకునే నీళ్ళను కాస్తోందంటే ఒళ్ళు జలదరించేది. బాయిలర్ మూత సరిగా పట్టేది కాదు, మసి నీళ్ళలో పడేది. మగ్గుతో ముంచితే పైన సన్నటి జిడ్డు తెట్టె ఇంద్రధనుస్సు రంగుల్లో తేలేది. దాన్ని చేత్తో పక్కకు నెట్టి, కళ్ళు మూసుకుని పోసుకునేదాన్ని. తల తుడుచుకుంటే తువ్వాలుకు కాలిన రబ్బరు వాసన. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందక్కా, ఏదో కాలిన వాసనొస్తుంది" అంటే, ఇస్త్రీపెట్టె మీద నెట్టేశాను. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ రోజంతా మామను మనసులో తిట్టుకున్నాను.

తిట్టుకున్నానే గాని, అత్త పోయాక రెండో చలికాలానికి నా చెయ్యి కూడా అందులో పడింది. జాకెట్లకు కత్తిరించగా మిగిలే పీలికలు నా మిషను కింద కుప్ప పడేవి. నూలు పీలికలు దిండ్లలోకి పనికొస్తాయి, పాలిస్టరువి ఎందుకూ పనికిరావు. ఒకరోజు పొద్దున కట్టెలు అంటుకోక విసుగొచ్చి ఒక గుప్పెడు పీలికలు గొట్టంలో పడేశాను. భగ్గుమంది. కరిగిన గుడ్డ జాలీలోంచి నల్లగా, తీగలు సాగుతూ బొట్లు బొట్లుగా కారింది. పది నిమిషాల్లో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. మామ వచ్చి చూసి, "నీకు గూడ తెలివొచ్చింది" అని నవ్వాడు. ఆ నెల కరెంటు బిల్లు తెచ్చిన అతను, మీటరు పనిచేస్తోందా లేదా అని రెండుసార్లు తట్టి చూశాడు. నేను లోపల నిలబడి మురిసిపోయాను. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఊళ్ళో అందరికీ కక్కుర్తి మనిషి మామ ఒక్కడే.

ఆరేళ్ళ కింద మా కూతురు తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. గడ్డకట్టే చలిలో ఆడపిల్లను కన్నది. బాలింతకూ పసిదానికీ నీళ్ళు పోయడానికి నస్రుల్లాబాద్ వైపు తండా నుంచి ఒక అవ్వ వచ్చేది. చేతులు కట్టెల్లా ఉండేవి గాని పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతుంటే పిల్ల నిద్రపోయేది. స్నానం అయ్యాక మట్టి మూకుట్లో నిప్పులు వేసి, వాటి మీద ఊదు చల్లి, ఆ పొగ పిల్ల తలకు పట్టించాలి. ఆంధ్ర వైపు వాళ్ళు సాంబ్రాణి అంటారు, మాకు ఊదు. మొదటి రోజు మామ బాయిలర్ జాలీలోంచి నిప్పులు తీసి ఇవ్వబోతే అవ్వ మూకుడు వెనక్కి లాగేసుకుంది. "ఇయ్యేం నిప్పులే బిడ్డా, పీనుగ కంపు కొడ్తున్నయి! పసిపిల్ల ముక్కుల కాడికి గివి తేకుండ్రి. ఊదుకు పిడకల నిప్పే ఉండాలె" అంది నాతో. మర్నాటి నుంచి పిడకలు తనే సంచిలో తెచ్చుకునేది. ఒక ఇంట్లో రెండు నిప్పులు ఎందుకని మామ గొణుగుతాడనుకున్నాను. గొణగలేదు. ఆ సాయంత్రమే సైకిలు మీద వెళ్ళి తుమ్మ కట్టెలు డబ్బులు పెట్టి కొనుక్కొచ్చాడు. చెప్పుల సంచీ తీసుకెళ్ళి ఊరవతల పారేసి వచ్చాడు. పిల్ల ఉన్నన్నాళ్ళూ బాయిలర్‌లో కట్టె తప్ప ఇంకోటి పడకూడదని నాకే హుకుం జారీ చేశాడు. రోజుకు పదిసార్లు గుమ్మం దగ్గర నిలబడి, "ఊకున్నదా? పండుకున్నదా?" అని అడిగేవాడు. పిల్లను ఒళ్ళో పెడితే ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

పదిహేనో రోజో పదహారో రోజో, విపరీతమైన మంచు. అవ్వ రాలేదు. ఆటోలు నడవటం లేదేమోనని మామ ఆమెను తీసుకురావడానికి సైకిలు వేసుకుని బయల్దేరాడు. "నేనొచ్చేదాక ఆగుండ్రి" అని చెప్పే వెళ్ళాడు. నాకు ఆగే ఓపిక లేదు. మధ్యాహ్నానికి ఒక పెళ్ళివాళ్ళకు పన్నెండు జాకెట్లు ఇవ్వాలి. కట్టెలు మంచుకు చెమ్మగిల్లి పొగ తప్ప మంట రావడం లేదు. గీజరు స్విచ్చు మీద వేలు పెట్టాను. ఇంట్లో వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. అయినా వేలు తీసేశాను. మిషను కింది పీలికలు రెండు సంచులు తెచ్చి బాయిలర్‌లో కుక్కాను. నీళ్ళు కాగాయి. కూతురికి పోశాను, పిల్లకు పోశాను. కూతురు తలకు గుడ్డ చుట్టుకుని లోపలి గదిలో పడుకుంది. పిడకలు చూస్తే అవీ చెమ్మే. జాలీలో నిప్పులు మాత్రం ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. చలికి తలుపూ కిటికీ వేసేసి, ఆ నిప్పులు మూకుట్లోకి తీసి, ఊదు చల్లి, పైన బుట్ట బోర్లించి, పిల్లను దాని మీద పట్టుకున్నాను. తెల్లగా రావలసిన పొగ నల్లగా వచ్చింది. ఊదు వాసనే లేదు, కరిగిన పాలిస్టరు కంపు. పిల్ల ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత నోరు తెరిచింది గాని ఏడుపు బయటికి రాలేదు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

నా కేకకు కూతురు పరుగెత్తుకొచ్చింది. ఎదురింటివాళ్ళ ఆటోలో దవాఖానకు పోయాం. పిల్ల ముఖానికి ఆక్సిజన్ పెట్టి డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్ల ఏం కాలవెట్టిన్రు? ఏం పొగ తాకింది?" అని అడిగింది. నేను, "కట్టెల పొగ డాక్టరమ్మా" అన్నాను. తడుముకోలేదు కూడా. "కట్టెల పొగైతె ముక్కుల ఇట్ల నల్లగ రాదు. ఏందో చెప్తెనే కదా నేను మందు జేసేది?" అని కసిరిందావిడ. పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కూతురు నా ముఖంలోకి చూస్తోంది. అప్పుడు వెనక నుంచి మామ గొంతు వినిపించింది. అవ్వను తీసుకుని ఇంటికి వచ్చి, ఖాళీ ఇల్లూ, జాలీలో గడ్డకట్టిన నల్ల ముద్దలూ చూసి, అదే సైకిలు మీద దవాఖానకు వచ్చాడు. రొప్పుతూ చేతులు జోడించి, "కట్టెలు కావమ్మా. పాలిస్టర్ గుడ్డపీలికలు. నేనే ఏసిన. ఊదుకు నిప్పులు గూడ నేనే తీసిపెట్టి పోయిన. కోడలికి ఎర్కలేదు" అన్నాడు. కూతురు గిర్రున తిరిగి, "నీ కరెంటు బిల్లు పాడుగాను తాతా, నా బిడ్డను సంపుతవా?" అని అందరి ముందూ అరిచింది. ఆయన తల దించుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నాలుగు రోజులకు పిల్ల ఇంటికి వచ్చింది. మామ కరెంటతన్ని పిలిపించి వైర్లన్నీ చూపించి, గీజరు మీది కవరు తన చేత్తో చింపేశాడు. బాయిలర్‌ను పాత సామాన్లవాడికి వేశాడు. తక్కెడ ముల్లు ఎటు మొగ్గిందో కూడా చూడలేదు. తనకు మాత్రం గీజరు నీళ్ళు వద్దన్నాడు. పొద్దున బకెట్టు ఎండలో పెట్టుకుని పదకొండింటికి పోసుకునేవాడు. ఎండ రాని రోజు చన్నీళ్ళే. మా కూతురు ఆయనతో మాట్లాడటం మానేసింది. పండక్కో పెళ్ళికో వచ్చినా పిల్లను ఆయన ఒళ్ళో పెట్టలేదు. పిల్ల పాకుతూ ఆయన మంచం దగ్గరికి వెళ్తే వచ్చి ఎత్తుకుపోయేది. ఆయన చాచిన చేతులు ముడుచుకుని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "మామా, నేను చెప్పేస్త దానికి" అన్నాను. "తల్లి మీద నమ్మకం పోతె గా పిల్ల ఏడికి పోతది బిడ్డా? నాకు ముందుగాలనే పిసినారోడని పేరున్నది. దాంట్లనే ఇదొకటి కల్సిపోతది" అన్నాడాయన. అది విన్నాక నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. హాయిగా అనిపించింది కూడా. చెప్పుల మంటతో కాగిన నీళ్ళ కన్నా, ముక్కులో నిలిచిన ఆ పొగ కన్నా, ఆ హాయిని తలచుకుంటేనే నాకు ఎక్కువ రోత పుడుతుంది. ఆ మరుసటి చలికాలం ఆయన పోయాడు. కూతురు వచ్చింది, గడప బయటే కూర్చుని వెళ్ళిపోయింది.

ఈ పూట ఇంటికి వచ్చి, పాలు స్టవ్వు మీద పెట్టి, కూతురికి ఫోను చేశాను. వీధిలో కంపు సంగతి చెప్పగానే, ప్రతి చలికాలం అన్నట్టే, "తాత జేసిన పాపం యాదికొచ్చినట్టుంది నీకు" అంది. ప్రతిసారీ ఊఁ అనేదాన్ని. ఈసారి అనలేదు. "ఆ పొద్దు తాత ఇంట్లనే లేడే. పీలికలు నేనేసిన. నిప్పులు నేనే తీసిన. డాక్టరమ్మకు అబద్ధం జెప్పింది గూడ నేనే" అన్నాను. ఫోనులో వెనక మనుమరాలు షూ లేసులు కట్టమని గొడవ చేస్తోంది. తర్వాత నా కూతురు, "పిల్లకు బడికి ఆలస్యమైతుందమ్మా" అని ఫోను పెట్టేసింది. పాలు పొంగి స్టవ్వు మీద పడి మాడుతున్నాయి. కట్టేసి, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు ఆరు చలికాలాలు పట్టాయి. వాటిని వినవలసిన మనిషి అందులో రెండింటికే ఉన్నాడు.