వంగే రెక్క

నా చిన్నప్పుడు, అమెరికాలో ఈ పిస్కాటవే ఊళ్లోనే, నేను చేసిన ఒక పాడుపని అరవై దాటినా నన్ను వదలలేదు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నానమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని ఇండియాలో మా ఊరి నుంచి టెలిగ్రాం వచ్చింది. మా నాన్న ఆ సాయంత్రమే బయలుదేరాలి. అంతకు రెండేళ్ల ముందు మేం అమెరికా వచ్చేటప్పుడు, విమానం రెక్క పైకీ కిందికీ ఊగడం కిటికీలోంచి కళ్లారా చూశాను. ఈసారి విరిగిపోతుందని నా గుండెల్లో రాయి పడింది. అంతే, నాన్న పాస్‌పోర్టు తీసుకెళ్లి బియ్యం డబ్బా అడుగున పూడ్చేశాను.

అమ్మా నాన్నా ఇల్లంతా తిరగేశారు. విమానం వెళ్లిపోయింది. నాన్న మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నారు. అయినా నేను నోరు విప్పలేదు. మొండిఘటాన్ని మరి.

మర్నాడు పొద్దున పక్కింటి అంకుల్ నన్ను పెరట్లోకి పిలిచారు. ఆయన విమానాల రెక్కలు పరీక్షించే ఇంజినీరు. నా మొహం చూసే పసిగట్టారేమో, పాస్‌పోర్టు ఊసే ఎత్తలేదు. మేపుల్ చెట్టు కింద రెండు గింజలు ఏరారు. ఒక్కోదానికి ఒక్కో రెక్క. పచ్చిదాని రెక్కను వేలితో వంచి వదిలితే మళ్లీ నిటారుగా లేచింది. ఎండినది వంచగానే పుటుక్కున విరిగింది. తర్వాత పచ్చిదాన్ని ఎగరేస్తే గిరగిరా తిరుగుతూ కంచె దాటి మెల్లగా దిగింది.

"ఫ్యాక్టరీలో మేం కూడా రెక్కని కావాలనే వంచి టెస్ట్ చేస్తాం అమ్మా. వంగుతుంది కాబట్టే విరగదు" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. పరిగెత్తుకెళ్లి బియ్యంలో చెయ్యి పెట్టాను. ఎందుకు దాచానో నాన్నకు చెప్పేశాను. ఆయన ఆ రోజు విమానంలో వెళ్లారు.

వెళ్లేసరికి చితి చల్లారిపోయింది. మా వైపు తల్లికి కొరివి పెట్టాల్సింది చిన్నకొడుకు. ఆ చిన్నకొడుకు మా నాన్నే. ఆయన రాలేదని పెదనాన్న పెట్టారట.

గుండుతో తిరిగొచ్చిన నాన్న ముందుకు వెళ్లి నిలబడ్డాను, కొట్టనీ అని. ఆయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

"రెక్క బాగానే ఊగింది తల్లీ, నువ్వు చెప్పినట్టే. విరగలేదు" అన్నారు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పటికీ నేను కిటికీ సీటే బుక్ చేస్తాను. రెక్క ఊగితే భయం వేయదు. తల్లి ఆఖరి చూపు దక్కనివ్వని కూతుర్ని ఒళ్లోకి తీసుకున్న మా నాన్న గుర్తొచ్చి, కళ్లు తుడుచుకుంటాను.