కనిపించిందని చెప్పిన నక్షత్రం

నగరంలోని వేధశాలలో శనివారం సాయంత్రాలు మామూలు జనాన్ని కూడా దుర్భిణిలోంచి చూడనిస్తారని మా వారు పేపర్లో చదివి వినిపించారు. నేనూ వస్తానన్నాను. నోరు తెరిచి ఏదైనా అడిగే అలవాటు నాకు లేదు కాబట్టి ఆయన పేపరు దించి నా వంక చూశారు. కారణం మాత్రం చెప్పలేకపోయాను. మా పెళ్ళి తెనాలిలో, తెల్లవారుజాము ముహూర్తానికి జరిగింది. పురోహితుడు మమ్మల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు వేలు చూపించి, అరుంధతి కనిపించిందా అమ్మాయీ అని అడిగారు. నాకు నల్లటి ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. కనిపించిందన్నాను. పటాన్‌చెరుకు కాపురానికి వచ్చి ఏడాది దాటినా ఆ అబద్ధం నన్ను వదల్లేదు. ఊరందరికీ కనిపించే నక్షత్రం నాకొక్కదానికే ఎందుకు కనిపించలేదో అర్థం కాలేదు. దుర్భిణిలో ఒక్కసారి చూసేస్తే, ఆలస్యంగానైనా నా మాట నిజమవుతుందనుకున్నాను.

ఆ శనివారం మా వారికి ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. ఆయన వచ్చి భోంచేశాక నాలుగున్నరకి బయల్దేరాం. సంగారెడ్డి నుంచి నగరానికి పోయే బస్సు మా వీధి మొగలోనే ఆగుతుంది. మనిషికి రూపాయి లోపే టిక్కెట్టు, గంటన్నర దారి. దూరంగా బస్సు రాగానే, బోర్డు చదువు, మనదేనా అన్నారు. నాకు ఎర్రటిదేదో కదలడం తెలుస్తోంది, అంతే. ఆగాక చదువుదామనుకునేలోపు ఆయనే చదివేసి, "ఐదో క్లాసు చదువు అంత దూరం రాదులే" అని నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటి మాట నాకు కొత్తేమీ కాదు. నల్లబల్ల మీది లెక్క పలక మీదికి ఎక్కించుకోలేకపోతుంటే, పిల్లకి బుర్ర లేదని పంతులుగారు నాన్నతో చెప్పారు. నా చదువు అక్కడితో ఆగిపోయింది.

బస్సులో బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ పక్కన చోటు దొరికింది. సంగారెడ్డిలో ఎక్కారట. వాళ్ళాయన ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. ఎక్కడికని అడిగితే సిగ్గుపడుతూనే చెప్పాను. వాళ్ళూ అక్కడికేనని తెలిసి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు సూడకుంటే ఇంకెప్పుడు సూస్త బేటీ, ముసల్దాన్నయితి" అన్నారు. కూకట్‌పల్లి దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. బస్సు దిగి రెండు రిక్షాలు చేసుకున్నాం. రిక్షాకు అర్ధరూపాయి. ఎందుకొచ్చామో విని మా రిక్షా అతను తొక్కుతూ తొక్కుతూ వెనక్కి తిరిగి, "మీ తాన సుక్కల్లేవా అమ్మా, గింత దూరం వచ్చిండ్రు?" అన్నాడు. మా వారు పగలబడి నవ్వారు. మా ఊళ్ళో ఉన్నాయో లేవో నాకు మాత్రం నిజంగానే తెలియదు.

వేధశాలకు రుసుమేమీ లేదు. గుమ్మం దగ్గర పుస్తకంలో పేర్లు రాస్తే చాలు. ఏడింటికి మమ్మల్ని ఒక గుండ్రటి గదిలోకి పంపి దీపాలు తీసేశారు. తలపైన పెద్ద చప్పుడుతో కప్పు కదిలింది. కప్పు తిరుగుతోందో, నేను నిల్చున్న నేల తిరుగుతోందో తెలియక మా వారి చొక్కా పట్టుకున్నాను. ముందు శనిగ్రహం చూపిస్తామన్నారు. నా వంతు వచ్చి కన్ను పెడితే, నీళ్ళలో పసుపు ఒలికినట్టు ఒక మరక. చూపించే ఆయన గ్రహం చుట్టూ ఉంగరం కనిపించిందా అమ్మా అన్నారు. వెనక వరసలో ఎవరో జల్దీ కానియ్యండి అంటున్నారు. కనిపించిందని చెప్పి పక్కకు తప్పుకున్నాను. అందరూ ఉంగరం గురించే మాట్లాడుకుంటున్నారు, టోపీ పెట్టుకున్నట్టు భలే ఉందని. ఎలా ఉందే అని మా వారు అడిగితే, పచ్చగా ఉందన్నాను.

మా తర్వాత పెద్దావిడ వంతు వచ్చింది. కన్ను పెట్టిన మరుక్షణమే, "నాకైతే ఏం కానొస్తలేదు బాబూ, జెర సక్కగ వెట్టు" అన్నారు. చూపించే ఆయన విసుక్కోలేదు. పక్కనున్న చిన్న చక్రం అటూ ఇటూ తిప్పారు. కాసేపటికి ఆవిడ "యా అల్లా" అని, చాలాసేపు కదల్లేదు. అలా అడగవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎనిమిదింటికి దుర్భిణిని ఈశాన్యానికి తిప్పి, ఆఖరున వసిష్ఠుడినీ అరుంధతినీ చూపిస్తామన్నారు. తొమ్మిదింటికి ఆఖరి బస్సు, ఇక పోదామన్నారు మా వారు. ఒక్కసారి చూస్తానని చెప్పి వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఆయనా నా వెనకే వచ్చి నిలబడ్డారు. కన్ను పెట్టాను. మళ్ళీ మసక.

"కనిపించిందా అమ్మా?"

వెనక మా వారి ఊపిరి వినిపిస్తోంది.

"లేదండీ. కనిపించలేదు."

చూపించే ఆయన నా చెయ్యి ఆ చక్రం మీద పెట్టించి, తేటపడేదాకా నన్నే తిప్పమన్నారు. తిప్పాను. మసక దగ్గరికి ముడుచుకుంటూ వచ్చింది. సూదిమొనల్లా రెండు చుక్కలు పక్కపక్కనే నిలిచాయి, కొంచెం ఎడంగా ఇంకొకటి. ఆ జంట వసిష్ఠుడు, ఎడంగా ఉన్నదే అరుంధతి అన్నారాయన. నా తర్వాత కన్ను పెట్టిన మా వారు, అంతా మసగ్గా ఉందేమిటండీ అన్నారు. చూపించే ఆయన చక్రం చాలాసేపు వెనక్కి తిప్పి, మీ ఇద్దరి కళ్ళకూ ఇంత తేడా ఉంది, అమ్మకి దూరపు చూపు లేదు, కళ్ళజోడు పెట్టించండి అని చెప్పారు.

బస్సు దొరికింది. కూకట్‌పల్లి దాటాక మా వారు నెమ్మదిగా, "మరి పెళ్ళిలో?" అన్నారు.

"అబద్ధం చెప్పానండీ."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "నేను మాత్రం చూశానా? నిద్ర ఆగక, పురోహితుడి వేలు చూసి తలూపాను." ఇంకాసేపటికి అడిగారు, "బస్సు బోర్డు నిజంగానే కనపడదా నీకు?"

ఆగాక కనపడుతుందన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.

ఇప్పుడు నాకు కళ్ళజోడు ఉంది. మా డాబా మీంచి చూస్తే ఇన్ని చుక్కల్లో ఏది ఏదో తెలియక, వెనకటికంటే ఎక్కువ తికమకపడుతున్నాను. సంతోషపడాలో, ఆ పంతులుగారి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తేలడం లేదు. నా బుర్రలోకి ఎక్కలేదన్న లెక్క అసలు నల్లబల్ల దాటి నా దాకా వచ్చిందా అని మాత్రం రోజూ అనుకుంటాను. మీరు వెళ్ళేట్టయితే ఆరున్నరకల్లా గుమ్మం దగ్గర ఉండండి, ఆఖరి బస్సు వేళ ముందే కనుక్కోండి. దుర్భిణి పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. వరసలో వెనకవాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, కనిపించకపోతే కనిపించలేదని చెప్పండి. తిప్పుతారు.