ఆరనివ్వని మట్టి

మా పక్కింటి బొమ్మల టీచరు పోయిందన్న కబురు వాళ్ళాయన కంచె అవతల నిలబడి చెప్పాడు. ఫిబ్రవరి, బళ్ళకు హాఫ్ టర్మ్ అని ఇచ్చే వారం సెలవులు. నేను వంటింటి కిటికీ పక్కన సింకు దగ్గర ఒక గుడ్డ తడిపి పిండుతున్నాను. "ఇక లేదాంటీ" అన్నాడు. వెంటనే "మట్టి ఎలా ఉంది?" అనడిగాడు. భార్య పోయిన మనిషి అడగాల్సిన మాటేనా అది? ఆవిడతో కాపురం చేసినవాడు అదే అడుగుతాడు.

మీకు ఆ మట్టి సంగతి చెప్పాలి. ఆవిడది విశాఖపట్నం. ఇక్కడ ఇంగ్లండు న్యూకాసిల్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో, యుద్ధాలకు ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన పిల్లల చేత బొమ్మలు వేయించేది, మట్టితో ఏవేవో చేయించేది. ఆర్ట్ థెరపీ అంటారట. రిటైరయ్యేదాకా హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఊరుకుంటానా?

"ఏమ్మా, బొమ్మలు వేయించడానిక్కూడా డిగ్రీ కావాలా?"

"కావాలాంటీ. నోరు మూసుకుని కూర్చోవడం నేర్పుతారు."

"అయితే నాకు సీటు రాదు."

"మీకు అప్లికేషనే ఇవ్వరు."

నాకు ఎదురు జవాబు చెప్పి, ఆపైన నా చేతే కాఫీ పెట్టించుకున్న మనిషి ఈ దేశంలో ఆవిడొక్కతే.

ఒక వేసవి సెలవుల్లో వాళ్ళ వంటింట్లో ఐస్‌క్రీమ్ డబ్బా కనిపించింది. మన ఇళ్ళలో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ ఉండదు, దోసెల పిండి ఉంటుంది. మూత తీశాను. తడిగుడ్డలో చుట్టిన మట్టిముద్ద! సిరియా నుంచి వచ్చిన ఒక ఆడపిల్లదట. పేరు మాత్రం ఎన్ని రకాలుగా అడిగినా చెప్పలేదు. ఆ పిల్ల మాట్లాడదు. వారం వారం ఆ మట్టితో ఇల్లు కడుతుంది, బెల్లు కొట్టేముందు పిడికిలితో అణిచేస్తుంది. సెలవుల్లో ఆ ముద్ద ఎండిపోకుండా ఈవిడ ఇంటికి తెచ్చి, రోజూ గుడ్డ తడుపుతోంది.

"కొత్త మట్టి ఇస్తే పోలేదా? స్కూల్లో మట్టికి కరువా?"

"తన ఇల్లు వేరేవాళ్ళు కూల్చేశారాంటీ. దీన్ని తనే కూలుస్తుంది, తనే కడుతుంది. ఈ మట్టి కూడా పోతే ఇంకోసారి పోయినట్టే."

"మరి కూల్చొద్దని చెప్పవూ?"

"చెప్పను. చూస్తాను."

చూడటం కూడా ఒక పనేనని నాకు అప్పటిదాకా తెలియదు. బాగుందని కూడా అనదట. నేనైతే గుమ్మం వంకరగా ఉందని ఈపాటికి సరిచేయించి ఉండేదాన్ని. తనది తనకోసం ఉంటుందని ఒక పసిపిల్ల పెట్టుకున్న నమ్మకాన్ని గుప్పెడు నీళ్ళతో కాపాడుతున్న ఆ మనిషిని చూసి, నాకు మాట రాలేదు. ఈ సంగతి మా అల్లుడు ఇప్పటికీ నమ్మడు.

ఈ ఫిబ్రవరి సెలవుల మొదట్లో, ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళ్తూ డబ్బా నా చేతికిచ్చింది. "హీటర్ దగ్గర పెట్టకండాంటీ. నీళ్ళు ఎక్కువ పొయ్యకండి."

"ఈ చలిదేశంలో దోసెల పిండి పులియబెట్టినదాన్ని. నాకు చెప్తావా?"

నవ్వింది. నేను చూసిన ఆఖరి నవ్వు అదే.

బడి తెరిచిన రోజు డబ్బా పట్టుకుని వెళ్ళాను. పిల్లలకు కబురు అప్పటికే చెప్పారట. బొమ్మల గదిలో ఒక టీచరు పక్కన బక్కపలచటి పిల్ల నిలబడి ఉంది. నన్ను కాదు, డబ్బాను చూసింది. అందుకుని మూత తీసి, గుడ్డ తొలగించి, మట్టిలో బొటనవేలు గుచ్చింది. వేలు మెత్తగా దిగింది. తలెత్తి నన్ను చూసింది.

"మిస్?" అంది.

"ఎలా తడపాలో మీ మిస్సే నేర్పింది" అన్నాను ఇంగ్లీషులో. ఇంకా చాలా చెప్పాలనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

అక్కడే బల్ల మీద ఇల్లు కట్టింది. నేను చూస్తూ ఉన్నాను. బెల్లు కొట్టింది. పిడికిలి కోసం ఎదురుచూశాను. ఆ పిల్ల మూల సింకు దగ్గరికి వెళ్ళి గుడ్డ తడిపి, పిండి, తెచ్చి ఇంటి మీద కప్పింది. రెండు చేతులతో ఎత్తి డబ్బాలో పెట్టింది. ఇల్లు ఎత్తుగా ఉంది, మూత పట్టలేదు. ఒక చంకలో మూత పెట్టుకుని, డబ్బాను రెండు చేతులా పట్టుకుని, కారిడార్‌లో మెల్లగా నడిచి వెళ్ళింది.