కణమా, కోశమా

తొంభైల నడుమ అనంతపురం నుంచి బెంగుళూరు వచ్చిన ఆరు నెలల్లో రెండు స్కూళ్లు నా కన్నడం విని మర్యాదగా సాగనంపాయి. నా బీఎస్సీ సర్టిఫికెట్‌ని ఎవరూ తెరిచి చూడలేదు. మూడోది మడివాళ సంత వెనక కన్నడ మీడియం స్కూలు. అదీ పోతే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో మా అత్తగారు అప్పటికే కూర్చుని ఉన్నారు.

ఎనిమిదో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుంది. తలకట్టు మారిస్తే తెలుగే కన్నడం అవుతుందన్న ధీమాతో బోర్డు మీద ‘కణ విభజన’ అని రాసి, కణాలు రెండేసిగా విడిపోతూ ఉంటేనే మనం పెరుగుతామన్నాను. ముందు వరుసలో ఒక తెలుగింటి అమ్మాయి లేచింది.

“దుమ్ము రెండైతే మనం పొడుగైతామా మిస్?”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నిజంగానే అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్‌దీ తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగిల్లే. “ఇక్కడ కణ అంటే దుమ్ము, ఇసుక, అట్లాంటి నలుసమ్మా. మీరు చెప్పేదాన్ని జీవకోశ అంటారు,” అంది.

తుడిచి రాశాను. ఆ పిల్ల కూర్చోలేదు. అయితే ఏనుగు కోశాలు మనవాటికన్నా పెద్దవా అంది. కాదు, దాదాపు మనవంతే, లెక్కలో ఎక్కువన్నాను. ఎందుకట? రాగి ముద్దను తలకాయంత చేసి సారు, అదే చారు, పోస్తే పైపైనే తడుస్తుంది, నడిమధ్య పొడిగా ఉండిపోతుంది; చిన్న ముద్దలు చేస్తే అన్నీ తడుస్తాయి. కోశమూ అంతే. మరీ పెద్దదైతే లోపలికి తిండి అందదు. అందుకే కాస్త పెరిగి, రెండవుతుంది. ఆ పిల్ల కూర్చుంది.

తర్వాత ఆఫీసు గదిలో హెడ్‌మిస్ట్రెస్ పాఠం బాగుండాదని ఒప్పుకుని, పుస్తకంలో ఉండే మాటే వాడాలని కూడా అంది. సరేనంటే అప్పుడే ఉద్యోగం వచ్చేదేమో.

“మీ పుస్తకంలోనే కెంపు రక్త కణ అని ఉంది మేడమ్. అదేమన్నా ఎర్ర దుమ్మా?”

ఆమె పుస్తకం తెప్పించి, పేజీ వెతికి, చదివి, మూసింది. నేను సంచీ చేతిలోకి తీసుకున్నాను.

“ఇంట్లో కూడా ఇట్లే వాదిస్తావా?”

“ఇంట్లో ఇంకా ఎక్కువండీ.”

“సోమవారం నుంచి రా. స్టాఫ్‌రూములో నీ కుర్చీ మాత్రం నాకు దూరంగా వేయిస్తా.”