ఫ్రీ కరెంటు వాడుకునే మా ఓబులేసు మామ

నిన్న పొద్దున మామ ఫోన్‌లో లైవ్ రాలేదు.

కరెంటు లేటేమో అనుకున్నాను.

సోమందేపల్లె బస్సులో ఉండగా మామ కొడుకు ఫోన్ చేశాడు. "వదినా, నాయన పోయినాడు" అన్నాడు.

"లైవ్ రాలేదే అని ఇప్పుడే అనుకుంటాండా" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

ఓబులేసు మామ మా అమ్మకు తమ్ముడు. మా నాయన పోయినప్పటి నుంచి మా ఇంటికి పెద్దదిక్కు. రాప్తాడు దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనకే ఆయన చీనీ తోట, అదే బత్తాయి తోట.

మీలో చాలామందికి ఆయన ఫోన్‌లోనే తెలుసు. పొద్దున బోరుకు కరెంటు రాగానే స్టార్టర్ డబ్బా మీద ఫోన్ ఆనించి లైవ్ మొదలుపెట్టేవాడు. వెనక తొట్టిలో నీళ్లు పడే చప్పుడు. ముందు మామ, తలకు టవలు చుట్టుకుని, ఆ రోజు పేపర్ మీద తీర్పులు.

పాతకాలం మనిషి. పండగ సెలవు తగ్గించినా కోపమే, పెళ్లిలో డ్రోన్ ఎగిరినా కోపమే.

అసెంబ్లీలో గొడవ జరిగితే "ఏమప్పా, మన సంతలో ఎద్దుల బేరం ఇంతకన్నా మర్యాదగా జరుగుతాది కదా" అన్నాడు.

ఒక లీడర్ పార్టీ మారితే "పాత ఫ్లెక్సీకి కట్టిన కట్టెలన్నా పీకలేదు, అప్పుడే కొత్త ఫ్లెక్సీనా" అన్నాడు.

ఆయన మాటల్లో సగం నాకు నచ్చేవి కావు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అన్నిటికన్నా మంట ఆయనకు ఫ్రీ పథకాల మీద. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు అన్నప్పుడు లైవ్‌లో రెచ్చిపోయాడు. "ఊరికే తీసుకున్నోనికి అడిగే నోరు ఉండదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కింద కామెంట్ పెట్టాను.

"మామా, నీ వెనక పడుతున్న నీళ్లకు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు?"

అంతే. ఊరంతా స్క్రీన్‌షాట్లు తిరిగాయి. మామ మాటలు గిట్టని వాళ్లకు పండగైంది.

మా అమ్మ ఏడ్చింది. "నా తమ్మున్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తివి కదే. ముందు ఆ కామెంట్ తీసెయ్" అంది.

మరుసటి రోజు లైవ్ లేదు. ఆ తర్వాతి రోజూ లేదు.

నాకు భయం పట్టుకుంది. అడిగింది న్యాయమే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నాయన లేని ఇంటికి నాయనలా నిలబడిన మనిషి ఇక నాతో మాట్లాడడేమో అని అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"పాపా, ఆ కామెంట్ తీసేసినావా?"

"లేదు మామా."

"తీయొద్దు. తీస్తే నేనే తీయించినా అంటారు. నువ్వు అడిగింది నిజమే కదా."

మర్నాడు లైవ్ వచ్చింది. టవలు లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"నిన్న కరెంటోళ్ల ఆఫీసుకు పోయింటి. నా మోటరుకు బిల్లు ఏయండప్పా, కడతా అన్నా. ఆడున్న ఆయప్ప నన్ను ఎగాదిగా చూసి, ఎట్ల కట్టించుకోవాలో మాకూ తెల్దు పెద్దాయనా, ఇంటికి పో అన్నాడు. వద్దని స్టార్టర్ ఆపేస్తే చెట్లు ఎండిపోతాయి. అందుకే తీసుకుంటాండా. తీసుకుంటాండానని ముందు చెప్పి, ఆ తర్వాతే మాట్లాడతా. ఇంటే ఇనండి, లేకుంటే లేదు."

ఆ రోజు నుంచి ప్రతి లైవ్ ఒకే మాటతో మొదలయ్యేది.

"ఫ్రీ కరెంటు వాడుకునే ఓబులేసు మాట్లాడతాండాడు."

అభిప్రాయాలు మారాయా అంటే, ఏమీ మారలేదు. ఫ్రీ బస్సును తిడుతూనే ఉన్నాడు. కాకపోతే "మా ఇంటామె నిన్న ఆ బస్సులోనే అనంతపురం పోయొచ్చింది, ఆ మాట కూడా చెప్తాండా" అని లైవ్‌లోనే చెప్పేశాడు. ఆ పూట మా అత్త ఆయనకు సంగటి పెట్టలేదు.

లైవ్ అయిపోగానే నాకు ఫోన్ వచ్చేది. "పాపా, ఈపొద్దు యాడ తప్పు మాట్లాడినా?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఒప్పుకునేవాడు కాదు. మళ్లీ మర్నాడు అడిగేవాడు.

నాకు తెలిసిన మగవాళ్లలో రోజూ ఆ మాట అడిగిన మనిషి ఆయన ఒక్కడే.

ఈ పొద్దున మామను వాకిట్లో పడుకోబెట్టాం. ఊరంతా వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్లు తిప్పిన వాళ్లు కూడా వచ్చి తల దగ్గర నిలబడ్డారు.

అంతలో కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్ కదా, ఎవరూ నొక్కకుండానే మోటరు ఆన్ అయింది. వెనక తొట్టిలో నీళ్లు పడడం మొదలైంది.

ఏడ్చేవాళ్లు కూడా ఆగిపోయారు. అందరికీ ఆ చప్పుడు తర్వాత వచ్చే గొంతు అలవాటు.

మా అత్త ఆయన భుజం తట్టింది. "కరెంటు వచ్చినాది, లెయ్" అంది.

మామా, నీ పద్ధతి ప్రకారం నేను కూడా ముందు చెప్పాల్సింది ఒకటి ఉంది. నా కాలేజీ ఫీజులన్నీ ఆ తోట కాయలమ్మి నువ్వు కట్టినవే. నువ్వు వాడుకున్న ఫ్రీ కరెంటులో నా చదువూ ఉంది.

ఫ్రీ కరెంటుతో చదువుకున్న నీ మేనకోడలు రాస్తోంది. ఇందులో యాడ తప్పు రాసినానో నువ్వే చెప్పాలి. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను.

పోయిరా మామా. చెట్లకు నీళ్లు పారుతున్నాయి. ఇక ఏ వార్తా నిన్ను లేపకుండా, నెమ్మదిగా నిద్రపో.